పడటం నేర్పిన మా మేనత్త

మా మేనత్త పోయిందన్న కబురు మావయ్యే ఫోన్ చేసి చెప్పాడు. "అమ్మాయ్, మీ అత్త ఇంకా లేవలేదమ్మా," అన్నాడు. రోజూ ఆయనకంటే ముందే లేచి, వీధి గుమ్మంలో పాలవాడితో ఓ విడత పోట్లాడితే గాని కాఫీ తాగని మనిషి. ఆ ఒక్క మాటతోనే నాకు విషయం తెలిసిపోయింది. నిద్రలోనే గుండె ఆగిందట.

నేను కాకినాడ నుంచి రామచంద్రపురం చేరేసరికి ఇంటినిండా జనం. ఏడుపుల మధ్య ఒక వాదన కూడా నడుస్తోంది. అత్తకి ఎడమ మోకాలి కింద నుంచి పెట్టుడు కాలు. దాన్ని ఆవిడతో పాటు పంపాలా, వద్దా అన్నది వాదన. "కాలు లేకుండా పంపితే అక్కడ ఎలా నడుస్తుందర్రా?" అని వరసకు తాతయ్య అయ్యే పెద్దాయన పట్టుబట్టాడు. "ప్లాస్టిక్కండి, కాలిస్తే ఆ పొగ మంచిది కాదండి," అని పక్కింటి సైన్సు మాస్టారు అడ్డుపడ్డారు. పురోహితుడు గారిని అడిగితే, శాస్త్రంలో ఈ ప్రస్తావన లేదని ఆయన మెల్లగా అరుగు మీదికి జారుకున్నారు. చివరికి మావయ్య కళ్ళు తుడుచుకుని లేచాడు.

"అందులో గొట్టం, పాదం ఇంకొకరికి పనికొస్తాయని తనే చెప్పిందండి. కాల్చామంటే లేచొచ్చి తిడుతుంది. పడటానికి నాకు ఓపిక లేదు."

ఏడుస్తున్నవాళ్ళు కూడా నవ్వేశారు. అలా మా అత్త ఒంటికాలితోనే బయలుదేరింది.

మీరు ఆవిణ్ణి చూసి ఉండరు కాబట్టి మొదటినుంచీ చెబుతాను. అత్త ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరు. చీర కుచ్చిళ్ళు బొడ్డులో దోపుకుని, మెడలో ఈలతో, ఎండలో నిలబడి నిలబడి రంగు మారిపోయిన మనిషి. కాలవలో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఈదటం, సెలవుల్లో పిల్లల్ని సైకిళ్ళ మీద యానాం దాకా తీసుకెళ్ళటం, మన్యంలో ఏ కొండ కనిపించినా దాని నెత్తికెక్కటం ఆవిడ సరదాలు. మావయ్య బ్యాంకులో పనిచేసేవాడు. ఆయనకి ఎత్తు అంటే భయం, నీళ్ళంటే భయం. పెళ్ళినాటి నుంచీ ఆయన ఒడ్డున కూర్చుని ఆవిడ చెప్పులు కాపలా కాశాడు.

ఒక సాయంత్రం కాకినాడ రోడ్డులో, కొబ్బరి పీచు డొక్కల లారీ ఆవిడ స్కూటర్ని రాసుకుంటూ పోయింది. ప్రాణం దక్కింది గాని కాలు దక్కలేదు.

ఆసుపత్రి నుంచి వచ్చాక అత్త గోడవైపు తిరిగి పడుకుంది. ఎవరు పలకరించినా ఇటు తిరిగేది కాదు. పరామర్శకి వచ్చినవాళ్ళు మంచం చుట్టూ కూర్చుని, వాళ్ళకి తెలిసిన ప్రమాదాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి చెప్పుకుని, కాఫీలు తాగి వెళ్ళేవారు. మావయ్య వంట నేర్చుకున్నాడు. ఆ వంట తిన్నా అత్త ఏమీ అనకపోయేసరికి మేమంతా నిజంగా భయపడ్డాం.

ఒక మధ్యాహ్నం ఆత్రేయపురం నుంచి మావయ్య పిన్ని వచ్చింది. పూతరేకులు పట్టుకొచ్చి, డబ్బా మూత తీసి ఒళ్ళో పెట్టుకుని, "ఎంత కష్టం వచ్చిందే తల్లీ, చెంగుచెంగున గెంతేదానివి" అంటూ ఆ డబ్బా మీదికి వంగి ఏడవటం మొదలుపెట్టింది. గోడవైపు నుంచి అత్త గొంతు వినిపించింది.

"పిన్నిగారూ, ఏడిస్తే ఏడిచారు గాని, మూత పెట్టి ఏడవండి. తడిస్తే అవి పనికిరావు."

ముసలావిడ ఏడుపు ఆపి, బుద్ధిగా మూత పెట్టింది. మళ్ళీ ఏడుపు అందుకోబోయింది గాని రాలేదు. ముందు అత్త నవ్వింది, తర్వాత ఆవిడ నవ్వింది, వంటింట్లోంచి మావయ్య గరిటెతో సహా పరిగెత్తుకొచ్చాడు. ఆ పూట అత్త పూతరేకులు తిని, మంచం మీంచి కాలు కింద పెట్టింది. ఉన్న కాలు.

పెట్టుడు కాలు అమర్చినాయన, కొన్నాళ్ళు చదునైన నేల మీదే నడవమని మరీమరీ చెప్పాడు. మా అత్త దృష్టిలో చదునైన నేల అంటే పొలం గట్టు. అవి నాట్ల రోజులు. గట్టు మీద నాలుగడుగులు వేసి జారి మడిలో పడింది. మావయ్య, నేను చెరో చెయ్యి పట్టి లాగితే ఆవిడ వచ్చింది గాని కాలు రాలేదు, బురదలో ఉండిపోయింది. నాట్లు వేస్తున్న ఆడవాళ్ళలో కొత్తగా వచ్చినావిడ, "ఓలమ్మో, టీచరుగారి కాలు ఊడొచ్చేసిందర్రోయ్!" అని నారుకట్ట అక్కడే పడేసి పారిపోయింది. మిగతావాళ్ళు బురదలో తడిమి కాలు బయటికి తీసి, బోదె కాలవలో కడిగి, పసిపిల్లని అందించినట్టు అందించారు. అత్త గట్టు మీద కూర్చుని దాన్ని తగిలించుకుంటూ నాతో అంది:

"పడటం కూడా ఒక ఆటేనే. నేర్చుకుని పడాలి. నేను బళ్ళో పిల్లలకి పరిగెత్తటం నేర్పాను గాని పడటం నేర్పలేదు. సిలబస్‌లో లేదు మరి."

ఆ తర్వాత ఆవిణ్ణి ఆపటం ఎవరి తరమూ కాలేదు. స్కూటరు మళ్ళీ ఎక్కింది. ఒడ్డున కాలు విప్పి మావయ్యకి ఇచ్చి కాలవలో ఈదేది. ఆయన చెప్పుల కాపలా నుంచి కాలు కాపలాకి ఎదిగానని చెప్పుకునేవాడు. పిఠాపురం గుడికి వెళ్ళినప్పుడు, పెట్టుడు కాలికి బిగించి ఉన్న బూటు చూసి చెప్పుల స్టాండు అబ్బాయి, "అది కూడా విప్పాలండి" అన్నాడు. అత్త సరేనని బల్ల మీద కూర్చుని, బూటుతో పాటు కాలు కూడా విప్పి చేతికిచ్చింది. "జాగ్రత్త బాబూ, జత లేదు," అని వెంట తెచ్చుకున్న చంకకర్రల మీద గుళ్ళోకి వెళ్ళింది. ఆ అబ్బాయి మేం తిరిగొచ్చేదాకా కాలు రెండు చేతులతో పట్టుకుని నిలబడే ఉన్నాడు. ఎక్కడ పెట్టాలో తోచలేదట.

కాలో చెయ్యో పోయినవాళ్ళు ఎవరైనా ఆసుపత్రిలో ఉన్నారని తెలిస్తే చాలు, స్కూటరేసుకుని వెళ్ళేది. ధైర్యం చెప్పేది కాదు. మంచం పక్కన కూర్చుని, తను ఎక్కడెక్కడ ఎలా పడిందో చెప్పేది. పక్కన ముక్కు చీదుతున్న బంధువుల్ని కాఫీకో మందులకో తోలేసేది. "జాలిపడేవాళ్ళకి ఓ పని చెప్పు, జాలి దానంతటదే తగ్గుతుంది," అనేది.

అందరూ లొంగేవారని కాదు. ఉప్పాడ వైపు తీరంలో ఒక కుర్ర జాలరి ఉన్నాడు. వల లాగుతుండగా తాడు కాలికి చుట్టుకుని, కాలు మోకాలి కింద తీసేయాల్సి వచ్చింది. అత్త తిరిగి తిరిగి అతనికి కాలు తెప్పించింది. కొన్నాళ్ళకి అతని భార్య ఫోన్ చేసి, "కాలెట్టుకోటం లేదమ్మా, మాటాడ్డం లేదమ్మా, సముద్రం కేసే చూత్తా కూకుంటన్నాడు" అని ఏడ్చింది. కారు నేను నడిపాను.

అతను గుమ్మం ముందు చినిగిన వల ఒళ్ళో వేసుకుని కూర్చున్నాడు.

"ఏమయ్యా, కాలేదీ?" అంది అత్త.

"అటక మీదుందండి."

"కాలు అటకెక్కింది, నువ్వు నేల మీదున్నావు. నీకంటే అదే నయం."

అతను నవ్వలేదు. "మీకేటండి టీచరమ్మగారూ, బళ్ళో కుర్చీ ఉంటాది. పడవలో కుర్చీ ఉండదండి. కెరటం కొడితే రెండు కాళ్ళున్నోడే నిలబడలేడు."

ఒకరి మాట మా అత్త ఒప్పుకోవటం నేను చూడటం అదే మొదటిసారి. "నిజమే. నాకు సముద్రం తెలీదు. చూపించు," అంది.

వద్దని నేను, అతని భార్య ఇద్దరం మొత్తుకున్నాం. అతని అన్న మాత్రం సముద్రం నెమ్మదిగానే ఉందని, పడవ తోశాడు. అటక మీంచి కాలు దిగి అతని మోకాలికి చేరింది. భయంతో నేనూ ఎక్కాను. తమ్ముణ్ణి వెనక అడ్డకొయ్య మీద కూర్చోబెట్టారు.

ఒడ్డు కెరటాలు దాటామో లేదో, అత్త ముఖం పాలిపోయింది. కాలవలు, గోదావరి ఈదిన మనిషి, సముద్రం మీద పెసరట్టుతో మొదలుపెట్టి కడుపులో ఉన్నదంతా కక్కేసింది. కక్కటానికి పడవ అంచు మీదికి వంగితే, తడి చెక్క మీద పెట్టుడు కాలు సర్రున జారింది. నేను అందుకునేలోపే ఆవిడ సగం బయటికి వెళ్ళిపోయింది. వెనక నుంచి ఒక చెయ్యి ఆవిడ జాకెట్టు పట్టి లోపలికి లాగింది.

"అంచు మీదికి వంగొద్దండీ! కూకోండి! కాలు ఆ కొయ్యకి అడ్డంగా తన్నిపెట్టండి, నాలాగ!" అని కేక వేశాడు ఆ కుర్రవాడు.

అప్పుడు అతని అన్న ఇంజిను తగ్గించి తమ్ముడి కాళ్ళవైపు చూశాడు. నేనూ చూశాను. అతను నిలబడి ఉన్నాడు. ఉన్న కాలూ, పెట్టుడు కాలూ కొయ్యలకి తన్నిపెట్టి, పడవ ఎటు ఊగితే అటు ఊగుతూ, ఒక చేత్తో మా అత్తని పట్టుకుని. తను నిలబడ్డట్టు అతనికి మా ముఖాలు చూశాక తెలిసింది. అయినా కూర్చోలేదు.

అత్త అతని చెయ్యి పట్టుకుని తల ఎత్తింది. "నిలబడ్డావు కదరా... ఇంక ఒడ్డుకి తిప్పించు నాయనా, నేను పోయేలా ఉన్నాను."

తిరుగు దారిలో, "అత్తా, కావాలనే జారావా?" అని అడిగాను. కారు సీటు వెనక్కి వాల్చుకుని కళ్ళు మూసుకునే చెప్పింది: "కావాలని ఎవరైనా పెసరట్టు పోగొట్టుకుంటారే?"

అతను మర్నాడే వేటకి వెళ్ళిపోలేదు. ముందు ఒడ్డు దగ్గర, తర్వాత అన్నతో కొంచెం దూరం, చాలాకాలానికి అందరితో సమంగా వెళ్ళాడు. సెలవు చూసుకుని అత్తతో పాటు ఆసుపత్రులకి రావటం కూడా మొదలుపెట్టాడు. అత్త పడ్డ కథల్లో పడవ కథ మాత్రం అతనే చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ అందులో కెరటం ఇంకొంచెం పెద్దదయ్యేది. అత్త అభ్యంతరం చెప్పేది కాదు.

అత్త పోయిన పదోరోజు కోటిపల్లి రేవులో కర్మ జరిగింది. చుట్టాలం ఓ కార్లో, రెండు ఆటోల్లో వెళ్ళాం. మా వెనకే ఒక వ్యాను వచ్చి ఆగింది. ఆ కుర్రవాడు, అతని భార్య, ఇంకా నేను ఎన్నడూ చూడనివాళ్ళు చాలామంది దిగారు. వరికోత మిషన్లో కాలు పోయిన రైతు, షుగరుతో పాదం తీసేసిన పెద్దావిడ, కాలేజీ పిల్ల ఒకతె. వాళ్ళని ఎవరూ పిలవలేదు. మావయ్య దగ్గరికి ఒక్కొక్కరే వచ్చి, తమని అత్త ఏమని తిట్టిందో చెప్పారు. ఆయన ప్రతి తిట్టుకీ తల ఊపాడు.

కార్యక్రమం అయ్యాక అందరం స్నానానికి దిగాం. వాళ్ళు మెట్ల మీద కూర్చుని కాళ్ళు విప్పి పక్కన పెట్టి, ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని నీళ్ళలోకి జారారు. నీళ్ళంటే భయపడే మావయ్య కూడా ఆ కుర్రవాడి చెయ్యి పట్టుకుని నడుము లోతు దాకా వెళ్ళాడు.

నేను వెనక్కి తిరిగి చూశాను. రేవు మెట్టు పొడుగునా కాళ్ళే. ఒకదానికి క్యాన్వాసు బూటు, ఒకదానికి హవాయి చెప్పు, ఒకదానికి వెండి పట్టీ. ముక్తేశ్వరం వెళ్ళే పంటు పడవ రేవు నుంచి కదిలింది. అది లేపిన అల మెల్లగా మెట్టెక్కి, ఆ పాదాలన్నీ తడిపి, వెనక్కి వెళ్ళింది.