రేపు మాస్టారి కోరపన్ను

"...నొప్పి లేని పన్ను పట్టుకుని మళ్ళీ ఎందుకు వెళ్ళాలే అంటున్నాను!"

"నొప్పి లేదనైనా ఆ డాక్టరమ్మకి చెప్పి రండి. నోరు తెరిచి చూపించడానికేం రోగం?"

"చూపించానుగా ఒకసారి! మన పెళ్ళయ్యాక నేను అంతసేపు నోరు తెరిచి ఒక్క మాటా అనకుండా ఉన్నది అదే మొదలు."

"అందుకే కాబోలు, ఆ పూట నాకు తలనొప్పి రాలేదు."

బెంచీ మీద కూర్చున్న పోస్టుమాస్టరు పేపరు చాటున నవ్వుకున్నాడు. ఆయన ప్యాంటు కోసం వచ్చాడు. ఆ ప్యాంటు ఇంకా గుడ్డ రూపంలోనే ఉన్న సంగతి ఆయనకు తెలియదు.

"మాస్టారూ, మరి నాది?"

"రేపండీ," అన్నాడు దర్జీ, మిషను ఆపకుండానే.

అందుకే వీధి వీధంతా ఆయన్ని రేపు మాస్టారంటుంది. ముందుగది కొట్టు, వెనక గదులు ఇల్లు. బల్ల మీద సుద్దముక్కలు, ఇస్త్రీపెట్టె, సగం కోసిన కోట్లు. కత్తెర ఎప్పుడూ ఆ గుడ్డల కిందెక్కడో దూరి ఉంటుంది. దాన్ని వెతికే ఓపిక లేక మాస్టారు దారాన్ని ఎడమవైపు కోరపంటితో టక్కున కొరికేస్తాడు. ఏళ్ళ తరబడి కొరకగా పంటి చివర చిన్న గాటు కూడా పడింది. దాన్ని ఆయన వచ్చినవాళ్ళకు పెదవి ఎత్తి మరీ చూపిస్తాడు. ఆ పన్ను లేకపోతే తనకు ఒక చెయ్యి లేనట్టేనని ఆయన నమ్మకం.

ఆ పన్నే కిందటి నెల సలుపు మొదలుపెట్టింది. వేడి నీళ్ళు తగిలితే ప్రాణం పోయేది. చివరికి భార్యే వీధి చివర పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది. డాక్టరమ్మ ఎక్స్‌రేని వెలుతురుకు ఎత్తిపట్టి చూపించింది.

"గాటు దగ్గర పన్ను చీలింది మాస్టారూ. అందులోంచి క్రిములు దూరి లోపలి నరాన్ని కుళ్ళబెట్టాయి. పీకక్కర్లేదు. వేరు లోపల సన్నటి గొట్టం ఉంటుంది. కుళ్ళిన నరం తీసి, ఆ గొట్టాన్ని శుభ్రం చేసి, మళ్ళీ ఏదీ దూరకుండా నింపేస్తే పన్ను మీకే ఉంటుంది. రూట్ కెనాల్ అంటే ఇదే."

మత్తు సూది పడ్డాక ఇక ఆయనకు నొప్పి తెలియలేదు. సూదుల్లాంటి సన్నటి ఆకురాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి లోపలికి వెళ్ళి వస్తుంటే పైనున్న దీపం అద్దంలో వాటిని లెక్కపెడుతూ పడుకున్నాడు. ఆఖరున ఆవిడ మందు పెట్టి, పైన తెల్లటి ముద్దతో మూసింది.

"ఇది తాత్కాలికం. వచ్చే వారం రండి, పూర్తి చేస్తాను. అవునూ, నా తెల్లకోటు ఎప్పుడిస్తారు?"

"వేవు," అన్నాడు మాస్టారు, మొద్దుబారిన పెదవితో.

మర్నాటికి నొప్పి మాయం. ఇక మాస్టారికి అంతా అర్థమైపోయింది. ఆయన పని నేర్చింది మామగారి దగ్గర. కోటుకు ముందు కచ్చా కుట్టు వేసి, మనిషికి తొడిగి చూసి, మళ్ళీ రమ్మనేవాడు మామగారు. అల్లుడు నేర్చుకున్నది ఆ రమ్మనడం ఒక్కటే.

"ఇదంతా మన వ్యాపారమేనండీ," అన్నాడు ఇప్పుడు పోస్టుమాస్టరుతో గొంతు తగ్గించి. "పని ఆ రోజే అయిపోయింది. ఒక్కసారిలో తేల్చేస్తే డాక్టరుకి విలువేం ఉంటుంది? ఈ కిటుకులు నాకు తెలియవా?"

బొత్తాలు కుడుతున్న భార్య తలెత్తలేదు. "మా నాన్న మళ్ళీ రమ్మన్నది భుజం సరిచూడ్డానికి. మీరు మళ్ళీ రమ్మనేది గుడ్డ ముట్టుకోక."

పోస్టుమాస్టరు పేపరు దించాడు. "అంటే నా ప్యాంటు..."

"రేపండీ!" అన్నాడు మాస్టారు గట్టిగా. ఆ ఊపులో చేతిలోని దారాన్ని కోరపంటితో కొరికి, చూశారా అన్నట్టు భార్య వైపు తిరిగి నవ్వాడు.

వచ్చే వారం వచ్చింది, వెళ్ళింది. దాని వెనకది కూడా వెళ్ళింది. తెల్లటి ముద్ద దారంతోపాటు కొద్దికొద్దిగా ఊడింది. నొప్పి లేదు కదా, ఆయన పట్టించుకోలేదు.

ఒక పొద్దున అద్దంలో ఎవరో కొత్త మనిషి కనిపించాడు. ముక్కు పక్కనుంచి కంటి కిందిదాకా బుగ్గ ఉబ్బింది, ఎడమ కన్ను సగం మూసుకుపోయింది. భార్య చూసి నవ్వబోయి, చెయ్యి నుదుటి మీద పెట్టి ఆగిపోయింది. ఒళ్ళు కాలిపోతోంది.

"చెప్పులు వేసుకోండి," అంది. ఇంకే మాటా అనలేదు. అదే మాస్టారిని భయపెట్టింది.

డాక్టరమ్మ పన్ను తెరిచి చీము బయటికి వదిలింది. బరువు దిగాక ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

"నొప్పి లేదుగా డాక్టరమ్మా, మరి ఇదెలా వచ్చింది?"

"నొప్పి చెప్పే నరాన్ని నేనే తీసేశాను మాస్టారూ. ఇక పన్ను మీకేం చెబుతుంది? నేను పెట్టింది మూత, నింపింది కాదు. మూత పోయింది, ఉమ్మి లోపలికి దిగింది, వేరు చివర ఎముకలో చీము పట్టింది."

"అంటే మీరు మళ్ళీ రమ్మన్నది..."

"పని మిగిలి ఉండబట్టే."

గుమ్మం దగ్గర భార్య పైకప్పు కేసి చూస్తూ నిలబడింది. ఇంత మంచి అవకాశాన్ని ఆవిడ వదిలేయడం మాస్టారికి బొత్తిగా నచ్చలేదు.

డాక్టరమ్మ చేతి తొడుగులు విప్పింది. "రెండు దారులున్నాయి. వాపు తగ్గాక పీకేస్తే ఒక్కపూటలో తేలిపోతుంది, ఇక నా మొహం చూడక్కర్లేదు. ఉంచుకోవాలంటే మళ్ళీ మొదటినుంచి శుభ్రం చేయాలి, మందు మార్చాలి, ఎముక మానిందో లేదో చూసుకుంటూ నింపాలి. ఇన్నిసార్లని ఇప్పుడే చెప్పలేను. ఈసారి మధ్యలో మానేస్తే పన్ను దక్కదు. దారం కొరకడం కూడా ఇక ఉండదు. అది ఒప్పుకుంటేనే మొదలుపెడతాను."

మాస్టారు నాలుక చివరతో ఆ గాటును తడిమాడు. దారం కొరకని కోరపన్ను దేనికి పనికొస్తుందో ఆయనకు తట్టలేదు. పీకించుకుంటే ఈ కుర్చీ బాధ తప్పుతుంది. భార్య వైపు చూశాడు. ఆవిడ ఇంకా పైకప్పునే చూస్తోంది. భుజం కుదిరేదాకా మళ్ళీ మళ్ళీ రమ్మనే మామగారు గుర్తొచ్చాడు.

"ఉంచండి," అన్నాడు. "ఎన్నిసార్లు రమ్మంటే అన్నిసార్లు వస్తాను."