అక్క వంతు వచనం

అక్క పోయిన దుఃఖంలో నేను పీహెచ్‌డీ మానేశానని మా బంధువులు చెప్పుకుంటారు. వినడానికి బాగానే ఉంటుంది, నన్ను మంచిదాన్ని చేస్తుంది. నిజం మాత్రం కాదు. ఆ దుఃఖంలోనే రెండో అధ్యాయం పూర్తిచేశాను. మూడోది రాయలేకపోవడానికి కారణం నా నోరు.

తెనాలి నుంచి రోజూ బాపట్ల వెళ్లి కాలేజీలో తత్వశాస్త్రం చెబుతాను. నా పరిశోధన యంత్ర చైతన్యం మీద. అడిగినదానికి కంప్యూటర్ చక్కగా జవాబిచ్చినంత మాత్రాన దానికి మనసున్నట్టు కాదని నా వాదన. దీనిమీద సెమినార్లలో చాలామంది నోళ్లు మూయించాను.

రేపల్లెలో టీచరుగా చేసిన మా అక్కకి మెదడులో రక్తస్రావమైంది. కళ్లు తెరిచే ఉండేవి, ఉలుకూ పలుకూ లేదు. తెలివి ఉందో లేదో చెప్పలేమన్నాడు డాక్టరు. నేను తేలుస్తాననుకున్నాను. ఇంటికి తీసుకొచ్చాక ప్రతి శనివారం వెళ్లి, "అక్కా, వినబడితే ఒకసారి కళ్లు మూయవే" అని అడిగేదాన్ని. ఏం జరిగిందో నోటుబుక్కులో రాసుకునేదాన్ని. రాయడానికి ఏమీ ఉండేది కాదు.

వాళ్లింట్లో సాయంత్రం కుటుంబ ప్రార్థన ఉంటుంది. బైబిల్లో ఒక అధ్యాయం తీసి తలా ఒక వచనం చదువుతారు. ఒక శనివారం అక్క మంచం చుట్టూ బావ, వాళ్లమ్మాయి, నేను కూర్చున్నాం. అక్క వంతు రాగానే బావ ఆగాడు. ఒక వచనం చదివేంతసేపు ఊరుకుని, ఆ తరువాతి వచనం అందుకున్నాడు.

"మధ్యలోది వదిలేశారేంటి బావా?"

"వదల్లేదమ్మా. మీ అక్క చదువుకుంది."

నాకు ఒళ్లు మండింది. "ఏం చదివింది బావా? ఇన్ని వారాలుగా పరీక్షిస్తున్నాను. మంచం మీద ఉన్నది ఒట్టి శరీరం. అక్క లేదక్కడ."

"పిన్నీ, మెల్లగా! అమ్మ వింటుంది," అంది పిల్ల.

"వింటే ఈపాటికి లేచి నన్ను తిట్టేది."

బావ కళ్లజోడు తీశాడు. "కంప్యూటరు పలికితే మనసు లేదంటావు. మీ అక్క పలక్కపోతే మనసు లేదంటావు. మరి మనసున్నదెవరికమ్మా? నీకొక్కదానికేనా?"

ఏ ప్రొఫెసరూ నన్ను అడగని ప్రశ్న అది.

మర్నాడు పొద్దున బావ చర్చికి తయారవుతున్నాడు. గదిలో నేనూ అక్కే ఉన్నాం. వంగి, ఆవిడ చెవిలో "తప్పయిందే" అంటే సరిపోయేది. అనలేదు. అంటే బావ ముందు ఓడిపోయినట్టే అనిపించింది. బ్యాగు తీసుకుని బండెక్కేశాను. బుధవారం నేను క్లాసులో ఉండగా అక్క పోయింది.

జవాబు రాకపోవడం దేనికి గుర్తు అన్నది నా మూడో అధ్యాయంలో తేల్చాలి. ఎన్నిసార్లు మొదలుపెట్టినా మొదటి వాక్యం దాటలేదు. "దానికేముందమ్మా, ఒక ఫుట్‌నోట్ వేసి వదిలెయ్యండి" అన్నారు మా గైడు. అక్కని ఫుట్‌నోట్‌లో ఎలా వేస్తాను? ఇప్పుడు కనబడిన ప్రతివాళ్లూ ఫోన్లో మాట్లాడే యంత్రానికి ప్రాణముందా అని నన్నడుగుతారు. నేను అడగాల్సింది వేరే ఉంది, అడగడానికి మనిషి లేదు.

'అక్క లేదక్కడ' అన్న నా మాట విని, ఉన్నానని చెప్పే దారిలేక, ఆవిడ ఆ నాలుగు రోజులూ అలాగే పడుకుని ఉందా?