ఖాళీ గన్ సేఫ్

కెనడాలోని కిచెనర్‌లో నాకు వేట నేర్పిస్తానన్న అంకుల్‌ని నేను మొదటినుంచీ నమ్మలేదు. ఆయన తుపాకులు దాచే గన్ సేఫ్ ఖాళీగా ఉండటం నా కళ్ళారా చూశాను మరి.

జింకకీ, ఎల్క్ అనే పెద్ద దుప్పికీ పనికొచ్చే రైఫిల్ కోసం షాపుకి వెళ్తే, నేను ముచ్చటపడ్డ పెద్దదాన్ని పక్కన పెట్టించేశారు. ప్రతి రైఫిల్‌కీ ఆయనది ఒకటే మాట: "కళ్ళు మూసుకుని భుజానికెత్తు. ఇప్పుడు తెరువు. గురిచూసే స్కోప్ అద్దం నిండుగా కనిపిస్తోందా?"

చివరికి ఒక చిన్నదాన్ని ఖాయం చేశారు. షాపువాడితో కుమ్మక్కయ్యారేమో అనిపించింది. కారెక్కగానే అడిగేశాను.

"మీ రైఫిల్ ఏమైంది అంకుల్?"

"అమ్మేశా. నాదీ పెద్దదే. పేల్చగానే అది భుజాన్ని తన్నే తన్నుకి భయపడి, కాల్చేముందే కళ్ళు మూసేసుకునేవాణ్ణి. ఒక ఎల్క్‌కి పొట్టలో తగిలింది. రెండు రోజులు నెత్తురు చుక్కల వెంట తిరిగా బాబూ. దొరకలేదు."