పెద్దనాన్న దాచిన నమూనా

ఆదివారం పొద్దున దుకాణం గుమస్తా ఫోన్ చేశాడు. "సేటు పోయిండమ్మా," అన్నాడు. సంగారెడ్డి మార్కెట్‌లో రైతులకూ కొనేవాళ్ళకూ మధ్య కందుల అడ్తి నడిపిన మా పెద్దనాన్న, చాయ్ గ్లాసు చేతిలో ఉండగానే గద్దె మీద ఒరిగిపోయారట. నాన్న లేని నన్ను చదివించింది ఆయనే. ఆయనతో నేను సరిగ్గా మాట్లాడి రెండేళ్ళయింది.

ఆ మార్కెట్‌కు వెళ్ళినవాళ్ళు మీలో ఉంటే ఆయన్ను చూసే ఉంటారు. రైతు సంచి దింపితే, మోచేతిదాకా లోపలికి చెయ్యి పెట్టి, అడుగు నుంచి పిడికెడు తీసి, ఒక గింజ కొరికేవారు. "పైన అందరియి మంచిగనే ఉంటయి బిడ్డా, అడుగు సూడాలె," అనేవారు. ఆ పిడికెడు నమూనాగా పొట్లం కట్టి, రైతు పేరు రాసి అరలో పెట్టేవారు. బేరం తెగేదాకా దాన్ని ఎవరినీ కదిలించనిచ్చేవారు కాదు.

ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో చేరాలనుందని చెబితే, అదేమిటని అడిగారు. కంపెనీలు అమ్ముడయ్యేటప్పుడు మధ్యన నిలబడి బేరం కుదిర్చే పని అన్నాను. "ఇంతేనా? మన అడ్తి పనే గద!" అని మురిసిపోయారు. ఎంబీఏకి రెండు చోట్ల సీటొచ్చింది. ఒకటి ఎక్కడో దూరాన, పాతది. రెండోది పటాన్‌చెరు దాటాక కొత్తగా కట్టినది. ఆయన రెండూ తిరిగి చూశారు. పాతదాని గోడలు పెచ్చులూడి ఉన్నాయట. కొత్తదాంట్లో వెనక బెంచీ మీద కూర్చుని పాఠం విన్నారు, మెస్సులో అన్నం తిన్నారు. "సదువు ఈడనే మంచిగున్నది. సరుకు మంచిదైతే ఏ గేటుకెల్లి వస్తే ఏంది?" అన్నారు. ఆయన చూసి చెప్పాక నాకింకేం కావాలి? చేరాను, క్లాసులో మొదటిదాన్నయ్యాను.

ఉద్యోగాలకు ఎంపిక చేసుకోవడానికి ఆ బ్యాంకులు మా కాలేజీకి రానేలేదు. అవి ఏటా వెళ్ళేవి నాలుగైదు కాలేజీలకే. ఆ పెచ్చులూడిన గోడల కాలేజీ వాటిలో ఒకటి. నేను విడిగా పంపిన దరఖాస్తులకు జవాబు కూడా లేదు.

ఒకరోజు పెద్దనాన్న నాకు చెప్పకుండా, నా మార్కులూ ప్రాజెక్టూ కవర్లో పెట్టి అంటించి, మీద నా పేరూ కాలేజీ పేరూ రాసుకుని, గచ్చిబౌలిలో ఒక బ్యాంకు ఆఫీసుకు వెళ్ళారు. నమూనా పట్టుకుని కొనేవాడి గడపకు వెళ్ళడం ఆయనకు తెలిసిన పద్ధతి. సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. చివరికి ఒకమ్మాయి వచ్చి, కవరు మీద కాలేజీ పేరు చదివి తిరిగిచ్చేసింది.

"సంచి మీద ముద్ర సూసిండ్రు బిడ్డా. లోపల చెయ్యి పెట్టలే," అన్నారు ఇంటికొచ్చి. కవరు సంచిలో పెట్టుకుంటూ, "తప్పు నాదే," అన్నారు.

కాదనాల్సింది. "అవును, నీదే. నా బతుకు కందుల బేరమనుకున్నవ్," అన్నాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఇప్పుడు అలాంటి బ్యాంకులకే ఒక ఆఫీసులో కూర్చుని పట్టికలు తయారుచేసి పంపుతున్నాను. వాటి మీద నా పేరుండదు. ఇంటికి వెళ్ళినప్పుడల్లా పెద్దనాన్న మెల్లగా అడిగేవారు: "మళ్ళ సూస్తరా వాళ్ళు?" దరఖాస్తులు మానేశానని చెప్పలేదు. "సూస్తరు," అని లోపలికి వెళ్ళిపోయేదాన్ని.

దినాలయ్యాక దుకాణం తెరిచాం. అరలో ఈ పంట పొట్లాలు ఏడెనిమిది ఉన్నాయి. వాటి పక్కనే ఆ కవరు, మీద ఆయన చేతిరాతలో నా పేరు.

"దుమ్ము దులుపుడే గని తియ్యనియ్యలేదమ్మా," అన్నాడు గుమస్తా. "బేరం ఇంక తెగలేదు, ఉండనీ అనెటోడు."

కవరు అంటించింది అంటించినట్టే ఉంది.