సున్నం అంటిన నీలం

1998. మాదాపూర్ రాళ్లగుట్టల మధ్య అద్దాల ఆఫీసులు లేస్తున్న రోజులు. ఏలూరు నుంచి వచ్చి మూసాపేటలో చిన్న ఫోటో స్టూడియో పెట్టుకున్నాను. అందరూ మెషీన్ మీద కలర్ ప్రింట్లు తీసిస్తుంటే నేను ఎండను నమ్ముకుని నీలం బొమ్మలు చేసేదాన్ని. వాటిని సయనోటైప్‌లు అంటారు. ఇనుప లవణాల ద్రావణం కాగితానికి పూసి, ఆరాక పైన నెగటివ్ పెట్టి ఎండ చూపించి, నీళ్లలో కడిగితే బొమ్మ తేలుతుంది. ఈ కాలంలో ఇదేం పిచ్చి అన్నవాళ్లకు జవాబు చెప్పడం ఎప్పుడో మానేశాను.

ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు మేనేజర్ సుధాకర్ గారికి ఆ పిచ్చే నచ్చింది. తమ భవనం కడుతున్న కూలీల ముఖాలు పాతకాలపు బ్లూప్రింట్ ప్లాన్ కాగితాల నీలంలో లాబీ గోడకు కావాలన్నారు.

నా మొండితనమంతా కాగితం దగ్గరే. మామూలు డ్రాయింగ్ షీటు అంతసేపు నీళ్లలో నానితే పీలికలైపోతుంది. దూది గుజ్జుతో చేసిన మందపాటి వాటర్‌కలర్ పేపరే తట్టుకుంటుంది. అందులోనూ గరుకుది వాడితే కళ్ల చుట్టూ ముడతలు కనబడవని నున్నటిది ఏరుకునేదాన్ని. అయినా దానికో రోగం ఉంది. ఎక్కువకాలం మన్నాలని తయారుచేసేవాళ్లు అందులో సుద్ద కలుపుతారు, దాన్ని బఫర్ అంటారు. సుద్దా సున్నమూ నా నీలానికి పగవాళ్లు. తగిలినచోట రంగు చచ్చిపోతుంది. అందుకే ప్రతి షీటునూ వెనిగర్ నీళ్లలో ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచి, కడిగి ఆరబెట్టేదాన్ని. అంత జాగ్రత్త పడినా సున్నం ఇంకో దారిలో వచ్చింది.

ఫ్రేములు కట్టించే ముందు ప్రింట్లను సైటుకు పట్టుకెళ్లాను. ఎవరి బొమ్మ వాళ్లు చూసుకోకుండా గోడకెక్కించడం నాకు నచ్చలేదు. పాలమూరు నుంచి వచ్చిన ఎల్లమ్మ సిమెంటు తట్ట దించి గబగబా వచ్చింది. తడిచేత్తోనే తన బొమ్మ చెంప నిమిరింది. నేను అయ్యో అనేలోపే మూడు వేళ్ల మేర నీలం పోయి లేత పసుపు మచ్చలు తేలాయి.

"సిమెంటులో సున్నం ఉంటుంది ఎల్లమ్మా, దానికి రంగు ఆగదు. పర్లేదు, ఇంకోటి చేస్తాను" అన్నాను.

"ఎందుకమ్మా? ఉండనియ్యి" అంది ఆమె, మచ్చల మీంచి చూపు తిప్పకుండా. "ఆఫీసు షురువైనంక నన్ను గేటు కాడనే ఆపుతరు. గీ గోడ లేపింది నా చెయ్యే గద. దాని గుర్తు లోపల ఉండనియ్యి."

ఫ్రేములు కట్టించి లాబీకి తెచ్చాక సుధాకర్ గారు మచ్చలు చూసి మొహం చిట్లించారు. "డ్యామేజ్ అయింది కదండీ. రీప్రింట్ చేయండి, లేదా అదొక్కటి వదిలేద్దాం. క్లయింట్లు వచ్చే చోటు."

"ఆమె ఉంచమంది, నేను మళ్లీ చేయనండి" అన్నాను. "పెడితే అన్నీ పెట్టండి. అదొక్కటి వద్దంటే అన్నీ వాపసు తీసుకెళ్తాను."

"కొంచెం ప్రాక్టికల్‌గా ఆలోచించండి మేడమ్."

నాకు ఒళ్లు మండిపోయింది. కట్టిన మనిషి కావాలట, ఆమె చేతికంటిన సిమెంటు మాత్రం వద్దట. ఫ్రేములన్నీ ఆటోలో ఎక్కించాను. ప్రారంభోత్సవం నెత్తిమీదికొచ్చింది, గోడ చూస్తే బోసిగా ఉంది. ఆటో కదలబోతుంటే ఆయనే బయటికొచ్చి "సరే, తెండి లోపలికి" అన్నారు. ఎల్లమ్మ బొమ్మను తలుపుకు ఎదురుగా నేనే తగిలించాను.

ఆఫీసు మొదలయ్యాక ఆమెకు చూపిద్దామని వెంటబెట్టుకెళ్లాను. ఆమె అన్నట్టే అయింది. పాస్ లేదని గార్డు గేటు దగ్గరే ఆపేశాడు. నేను గొడవకు దిగబోతుంటే ఎల్లమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. అద్దాల తలుపు వెనక ఆమె బొమ్మ కనబడుతూనే ఉంది.

"ఫికర్ జెయ్యకమ్మా. అగో, నా చెయ్యి ఎప్పుడో లోపలికి వోయింది. ఇగ దాన్ని ఎవ్వలు ఎల్లగొడ్తరు?"

కాగితంలో సుద్ద ఉంటే ఈనాటికీ ఒప్పుకోను, వెనిగర్‌తో కడగాల్సిందే. మనిషి చేతి సున్నం బొమ్మకు అంటితే మాత్రం ఎవరు అడిగినా ఆ ప్రింటు మార్చి ఇవ్వను.