వేరు కుంపటి

యాంగోన్‌లో ఇన్సేన్ వైపు వెళ్లే రైల్లో నేను ఫోన్‌లో తెలుగు మాట్లాడటం విని, ఎదురుగా కూర్చున్న ముసలాయన పలకరించాడు. పడుచు వయసులో ఓడల్లో వంటపని చేశాడట, బేరూత్ రేవులో చాన్నాళ్లు ఉన్నాడట. నేను అడక్కుండానే పాలస్తీనా వాళ్ల సంగతి ఎత్తాడు.

"ఒకే జెండా కింద పోరాడినోళ్లు బాబూ. అందులో ఒకడు కొందర్ని తీసుకుపోయి వేరు కుంపటి ఎట్టినాడు. శత్రువు మీదకెల్తారనుకున్నాం. ముందు పాత ఇంటోళ్లనే కాల్సినారు. నాతో గిన్నెలు తోమినోడు కూడా అలాగే పోనాడు."

సైన్యం రాజ్యమేలుతున్న ఈ రోజుల్లో యాంగోన్ రైల్లో తుపాకుల మాట ఎత్తేవాడు పిచ్చివాడైనా అయ్యుండాలి, పోలీసులకు కబుర్లు మోసేవాడైనా అయ్యుండాలి. ఈయన చెప్పులు చూస్తే మరీ కొత్తవి. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

"మీ ఇంట్లో అడివికెల్లినోళ్లు ఉన్నారేటి?"

"ఎవరూ లేరు తాతా," అన్నాను. నా తమ్ముడు సైన్యం మీద పోరాడతానని వెళ్లి అప్పటికే ఏడాది దాటింది.

"ఉంటే సెప్పు, వేరు కుంపటి ఎట్టొద్దని," అంటూ ఇన్సేన్‌లో దిగిపోయాడు. జైలున్న ఊళ్లో దిగాడని నా అనుమానం ఇంకాస్త పెరిగింది.

వానలు వెనకబట్టాక తమ్ముడు ఫోన్ చేశాడు. "మేం కొందరం పాతోళ్లని వదిలేసి వచ్చేసినాం అన్నా," అన్నాడు.

తిన్నావా అని కూడా అడగలేదు నేను. "పాతోళ్ల మీద తుపాకీ ఎత్తినార్రా?" అన్నాను.



"నీకెవరు సెప్పినారు?" అన్నాడు వాడు. రైల్లో ముసలాయనకు అబద్ధం చెప్పిన నా గొంతులాగే ఉంది, వాడి గొంతు.