గోడమీద నూకలు

అబద్ధమని తెలిసిన మాటకు మీరెప్పుడైనా తలవంచారా? బాణామతి, చేతబడి అంతా బూటకమని ఊరూరా ఉపన్యాసాలిచ్చే నేను వంచాను.

నిరుడు ఉప్పునుంతలలో మా ఇంటి వెనక కోళ్లగూడు కట్టి, అవి తిరిగేందుకు చుట్టూ ఇనుప జాలి బిగించాను. వారంలో నాలుగు కోళ్లు మెడ తెగి చచ్చాయి.

"గిది పక్కింటి నర్సమ్మ చేసిన బాణామతే రా," అంది అమ్మ. రోజూ గోడ మీదుగా కోళ్లకు నూకలు వేసే ఒంటరి ముసలామె నర్సమ్మ. మర్నాడు ఆమె రాగానే, "ఇటు రాకు పెద్దమ్మా," అన్నాను.

"మీటింగుల్ల గట్ల చెప్పి, ఇంట్ల గిట్లంటవేంది బిడ్డా?" నూకలు గోడమీద పెట్టి వెళ్లిపోయింది.

రెండు రోజులకు జాలి కింద ముంగిస తవ్విన సందు కనిపించింది. జాలి అంచును మట్టిలో పాతకపోవడం నా తప్పే. పరుగున వెళ్తే ఆమె ఇంటికి తాళం. ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు. మిగిలిన కోళ్లు ఇప్పటికీ పొద్దున్నే ఆ గోడవైపు తిరిగి నిలబడతాయి.

మీరూ ఎవరినైనా అలా దూరం పెట్టి ఉంటే, ఈ పేజీ మూసి వెంటనే వెళ్లి వాళ్ల తలుపు తట్టండి.